తెలుగు ఈ-లెర్నింగ్ కోర్సుల్లో క్యాప్షన్లు, యాక్సెసిబిలిటీ: ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏం సరిచేయాలి?

ప్రశ్న: రుషికొండ రూపకర్త

అందరికీ నమస్కారం. విశాఖపట్నం మధురవాడలోని మా చిన్న బృందం పరవాడ, అచ్యుతాపురం వైపు పరిశ్రమలకు తెలుగులో భద్రతా శిక్షణ కోర్సులు తయారు చేస్తుంది. కొత్తగా చేరే కాంట్రాక్టు కార్మికులు ఈ కోర్సు చూసి, చివర వచ్చే ప్రశ్నలకు జవాబులిస్తేనే వారి చేతికి గేట్ పాస్ వస్తుంది. కాబట్టి చెవికి మాట అందనివారికో, కంటికి అక్షరం ఆననివారికో కోర్సు పనికిరాకపోతే వారి కూలికే ఎసరు వస్తుంది. ఇంతకాలం క్యాప్షన్లు, అంటే వినిపించే మాటలను తెర మీద అక్షరాల్లో చూపే వరుసలు, కావాలని మమ్మల్ని అడిగినవారు లేరు. ఇప్పుడు ఒక క్లయింటు కొత్త ఒప్పందంలో క్యాప్షన్లు ఉండాలనీ, మౌస్ లేకుండా కీబోర్డుతో కోర్సు మొత్తం నడవాలనీ, తెర మీది పాఠాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవగలగాలనీ స్పష్టంగా రాశారు.

మేము ప్రధానంగా వాడే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్, అంటే కోర్సులు తయారు చేసే సాఫ్ట్‌వేర్, స్టోరీలైన్. పాత కోర్సులు కొన్ని అలాంటిదే అయిన క్యాప్టివేట్‌లో ఉన్నాయి. ఇంగ్లిషు క్యాప్షన్లు రెండింటిలోనూ సాఫీగానే వస్తున్నాయి గానీ తెలుగు దగ్గరికి వచ్చేసరికి చిక్కులు మొదలవుతున్నాయి. రెండో వరుసలోని ఒత్తులు పెట్టె అంచు దగ్గర తెగిపోతున్నాయి. మా యానిమేటర్ కంప్యూటర్‌లో చక్కగా కనిపించే ఎస్‌ఆర్‌టీ ఫైలు (క్యాప్షన్ల పాఠం, వాటి సమయాలు ఉండే ఫైలు), నా దగ్గర దిగుమతి చేస్తే వట్టి ప్రశ్నార్థకాల వరుసగా మారుతోంది. ఆడియో నుంచి యంత్రం రాసిచ్చే పాఠాన్ని దిద్దడం కన్నా మొదటి నుంచీ టైపు చేసుకోవడమే సుఖమనిపిస్తోంది. పైగా నేరేషన్‌లో ఒక్క వాక్యం మారినా ఆ స్లయిడు క్యాప్షన్ల టైమింగ్ అంతా మళ్లీ సరిచూసుకోవలసి వస్తోంది.

క్లయింటు తరఫు మేనేజరు మాత్రం ఇదంతా ఎందుకు, అక్షరాలను వీడియోలోనే ముద్రించేస్తే పోదా అంటున్నారు. అది సరిపోతుందా? సరిపోకపోతే తెలుగు క్యాప్షన్లు దెబ్బతినకుండా ఉండటానికి పనిక్రమంలో, సెట్టింగుల్లో ఏమేం మార్చుకోవాలి? స్క్రీన్ రీడర్ వాడేవారు ఇలాంటి కోర్సులో మొట్టమొదట ఎక్కడ ఆగిపోతారు? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: సిరిపురం సబ్‌టైటిలర్

ముందు మేనేజరు గారి సూచనకు జవాబు. వీడియోలో ముద్రించిన అక్షరాలు క్యాంటీన్‌లోనో సెక్యూరిటీ గేటు దగ్గరో పెట్టిన టీవీకి పనికొస్తాయి, అంతవరకే. చూసేవారు వాటిని పెద్దవి చేసుకోలేరు, అక్కరలేనప్పుడు ఆపుకోలేరు. రేపు ఒడియా లేదా హిందీ కార్మికుల కోసం అదే కోర్సు ఇవ్వాలంటే వీడియో మొత్తం మళ్లీ తయారు చేయాలి. విడి ఫైలుగా ఉన్న క్యాప్షన్‌లో ఒక అక్షరం దిద్దడం నిమిషం పని. వెబ్ విషయం వైకల్యం ఉన్నవారికీ అందాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలలో రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు అన్నది 1.2.2 నిబంధన. అది అన్నిటికన్నా కింది మెట్టయిన 'ఏ' స్థాయిలోనే ఉంది, కాబట్టి అదేదో అదనపు సౌకర్యమనే మాట అక్కడ చెల్లదు.

ప్రశ్నార్థకాల సంగతికి కారణం ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా దాచుకునే పద్ధతి. ఎస్‌ఆర్‌టీ ఫైలు తాను ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెప్పుకోదు. పాత విండోస్‌లోని నోట్‌ప్యాడ్ మామూలుగా తెలుగు అక్షరాలు పట్టని ఆన్సీ పద్ధతిలో సేవ్ చేసేది, 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 డిఫాల్ట్ అయింది. మీ ఆఫీసులో రెండు రకాల కంప్యూటర్లూ ఉండి ఉంటాయి. వెబ్‌వీటీటీ (వీటీటీ) అనే మరో రకం క్యాప్షన్ ఫైలు అయితే ప్రమాణం ప్రకారమే యూటీఎఫ్-8లో ఉండి తీరాలి. స్టోరీలైన్ రెండు రకాల ఫైళ్లనూ తీసుకుంటుంది కనుక ఇకపై వీటీటీలోనే పనిచేయండి. మార్చేటప్పుడు ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి: ఎస్‌ఆర్‌టీలో సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య కామా ఉంటుంది, వీటీటీలో చుక్క ఉంటుంది. ఫైలు పేరు చివరి అక్షరాలు మాత్రమే మార్చి ఊరుకుంటే కొన్ని ప్లేయర్లు ఏ హెచ్చరికా లేకుండా క్యాప్షన్లను మింగేస్తాయి. మీ స్క్రిప్టు రాసేవారు పాత అలవాటుతో అను ఫాంట్లలో టైపు చేస్తుంటే, దాన్ని అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో దొర్లిన అక్షరాలను దిద్దిన తరువాతే రికార్డింగుకు పంపండి.

తెలుగుకే ప్రత్యేకమైన రెండు చిక్కులను ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ సరిగా పట్టించుకోవడం లేదు. మొదటిది అక్షరాల లెక్క. 'విద్యుత్' అన్న మాట మన కంటికి మూడక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఎనిమిది సంకేతాలు. వరుసకు ఇన్ని అక్షరాలు అని ఇంగ్లిషు కొలతతో హద్దు పెట్టిన ఎడిటర్ తెలుగు వరుసను సగంలోనే విరిచేస్తుంది. అందుకని వరుసలను మీరే విరవండి, విరిచేటప్పుడు అర్థం ఎక్కడ ఆగుతుందో అక్కడ విరవండి. 'వాల్వ్ మూసిన తరువాత' అన్నది ఒక వరుస, 'లైనులో ఒత్తిడి చూడాలి' అన్నది మరో వరుస కావాలి గానీ, 'తరువాత' ఒంటరిగా కిందికి జారకూడదు. రెండో చిక్కు, 'షట్‌డౌన్' వంటి మాటల్లో పొల్లు తరువాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే కంటికి కనపడని గుర్తు. కాపీ, పేస్టుల్లో కొన్ని ఎడిటర్లు దాన్ని ఊడగొడతాయి. అప్పుడు 'షట్డౌన్' అని ట కింద డ ఒత్తుతో వస్తుంది. ఇంగ్లిషు మాటలు ఎక్కువగా ఉండే పారిశ్రామిక కోర్సుల్లో ఈ గొడవ పుట్టెడు. కాబట్టి పబ్లిష్ చేసిన కోర్సులో క్యాప్షన్లను మరోసారి చదవండి, ఎడిటర్‌లో బాగున్నాయి కదా అని వదిలేయకండి.

ఒత్తులు తెగడం ఫాంటును బట్టి, పెట్టె ఎత్తును బట్టి ఉంటుంది. క్యాప్షన్ ఫాంటును కోర్సుతో పాటే పంపగలిగితే అలాగే పంపండి. పంపలేకపోతే చూసేవారి పరికరంలో ఏది ఉంటే అదే గతి: విండోస్‌లో నిర్మలా యూఐ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో. వీటి ఎత్తులు ఒకటి కావు. పరీక్షకు 'రాష్ట్రం', 'ఊర్ధ్వ' వంటి మాటలున్న రెండు వరుసల క్యాప్షన్ ఒకటి రాసుకుని, విండోస్‌లోనూ చవకరకం ఫోన్‌లోనూ చూడండి. ఆ ఒత్తులు నిలిస్తే మిగతావన్నీ నిలుస్తాయి.

ఇక టైమింగ్. మీ స్క్రిప్టు ఒక చోట, నేరేషన్ మరో చోట, క్యాప్షన్ ఇంకో చోట బతుకుతున్నంతకాలం ఈ బాధ తప్పదు. ఆమోదం పొందిన స్క్రిప్టునే క్యాప్షన్ ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కకు ఒక అంకె వేసి, రికార్డింగులో గొంతు ఇచ్చేవారికి ఆ ముక్కల ప్రకారమే చదవమనండి. అప్పుడు ఒక వాక్యం మారితే ఒక ముక్కే మారుతుంది. క్యాప్టివేట్‌లో స్లయిడ్ నోట్స్‌ను క్యాప్షన్లుగా మార్చుకునే వీలుంది కనుక పాత కోర్సులకు అది దగ్గరి దారి. ఒక్కో క్యాప్షన్ రెండు వరుసలు దాటకూడదు, ఎంత చిన్న మాటైనా సెకను కన్నా తక్కువ సేపు నిలపకూడదు.

యంత్రం రాసిన పాఠాన్ని మొదటి చిత్తుప్రతిగా వాడుకోవచ్చు. కానీ భద్రతా కోర్సులో దాన్ని దిద్దకుండా వదిలేయడం నేరమని నా అభిప్రాయం. 'వాల్వ్ తెరవొద్దు', 'వాల్వ్ తెరవొచ్చు' అన్న రెండు వాక్యాలను మోటారు చప్పుడు వెనుక పెట్టి వినండి, మనిషి చెవికే తేడా తెలియదు. అందుకే నేనైతే ఇలాంటి నిషేధాలను స్క్రిప్టులోనే 'తెరవకూడదు' అని మార్పిస్తాను.

జవాబు: ఎంవీపీ కాలనీ శ్రోత

నాకు చూపు లేదు. ఉద్యోగంలో భాగంగా ఏటా తప్పనిసరి కోర్సులు చేస్తుంటాను. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్లు వాడతాను. మీ మూడో ప్రశ్నకు నా వైపు నుంచి చెబుతాను.

నేను మొట్టమొదట ఆగిపోయేది మొదటి స్లయిడులోనే. స్లయిడు తెరుచుకోగానే నేరేషన్ దానంతటదే మొదలవుతుంది, అదే క్షణంలో స్క్రీన్ రీడర్ కూడా స్లయిడు పాఠం చదవడం మొదలుపెడుతుంది. రెండు గొంతులు ఒకేసారి మాట్లాడితే ఏ ఒక్కటీ అర్థం కాదు. మూడు సెకన్లకు మించి దానంతటదే మోగే శబ్దాన్ని ఆపే మార్గం ఉండాలని డబ్ల్యూసీఏజీ 1.4.2 చెబుతోంది. ఆ మార్గం ట్యాబ్ నొక్కగానే అందేటంత ముందు ఉండాలి, ఇరవై బొమ్మల అవతల కాదు. నన్నడిగితే ఆడియోను మేము నొక్కినప్పుడే మొదలుపెట్టండి.

రెండోది భాష. పబ్లిష్ చేసిన పేజీ తాను ఇంగ్లిషునని ప్రకటించుకుని, లోపల తెలుగు పాఠం ఉంటే, స్క్రీన్ రీడర్ ఇంగ్లిషు గొంతుతో ఆ పాఠాన్ని చదవబోయి మౌనంగా ఊరుకుంటుంది, లేదా అక్షరాలను ఒక్కొక్కటిగా వల్లిస్తుంది. ఎన్‌వీడీఏతో పాటు వచ్చే, పాఠాన్ని మాటగా మార్చే ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది. దాన్ని పిలవాలంటే పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఉండాలి. మీ టూల్‌లో ఆ సెట్టింగు ఎక్కడుందో వెతకండి. లేకపోతే పబ్లిష్ చేసిన ఫోల్డర్‌లోని హెచ్‌టీఎంఎల్ ఫైలులో మీరే మార్చవచ్చు, కాకపోతే ప్రతి పబ్లిష్ తరువాతా మళ్లీ మార్చాలి. సాంకేతిక పదాలను రోమన్ లిపిలో కాకుండా తెలుగు లిపిలో రాస్తే ఒకే గొంతు ఏకధాటిగా చదువుతుంది. దీనితో ఏకీభవించనివారు ఉన్నారు, నా చెవికి మాత్రం ఇదే హాయి.

మూడోది బొమ్మలు. అలంకారానికి పెట్టిన గీతలు, నీడలు, బాణాలు అన్నీ స్క్రీన్ రీడర్‌కు కనిపించేలా వదిలేస్తారు. నేను విషయం చేరేలోపు 'ఇమేజ్ 14', 'రెక్టాంగిల్ 3' అంటూ వరుసగా వినాలి. స్టోరీలైన్‌లో ప్రతి వస్తువుకూ యాక్సెసిబిలిటీ టూల్స్‌కు కనిపించాలా వద్దా అన్న గుర్తు ఉంటుంది, అలంకారాలకు దాన్ని తీసేయండి. అవసరమైన బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠం రాసేటప్పుడు 'కార్మికుడి చిత్రం' అని ఊరుకోకుండా, ఆ చిత్రం ఏం నేర్పడానికి ఉందో అది రాయండి: 'హార్నెస్ కొక్కెం తలకన్నా ఎత్తులో ఉన్న కడ్డీకి తగిలించి ఉంది'. ఫోకస్ ఆర్డర్‌ను, అంటే ట్యాబ్ నొక్కుతూ పోతే వస్తువులు అందే క్రమాన్ని, కూడా మీరే వరుసలో పెట్టండి. శీర్షిక, పాఠం, బొమ్మ, తరువాత బటన్ అన్న క్రమం మీ కంటికి సహజంగా తోచినా, సాఫ్ట్‌వేర్ దానంతటదే ఆ వరుస పాటిస్తుందన్న నమ్మకం లేదు.

చివరగా, క్యాప్షన్లు రాసుకున్నారు కనుక ఆ పాఠాన్నే మొత్తం ట్రాన్‌స్క్రిప్టుగా ఒక పేజీలో ఇవ్వండి. బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవారికి, చూపూ వినికిడీ రెండూ లేనివారికి కదిలే క్యాప్షన్లకన్నా అదే ఆధారం.

రుషికొండ రూపకర్త

ఇద్దరికీ కృతజ్ఞతలు. శ్రోత గారూ, మా కోర్సుల్లో మంటల రకానికి తగిన ఎక్స్‌టింగ్విషర్‌ను లాగి పెట్టే అభ్యాసాలు చాలా ఉన్నాయి. కార్మికులకు అవి బాగా నచ్చుతాయి కూడా. వాటినేం చేయాలి? అలాగే ప్లాంటులో వినిపించే శబ్దాలను క్యాప్షన్‌లో ఎంతవరకు రాయాలి?

జవాబు: ఎంవీపీ కాలనీ శ్రోత

స్టోరీలైన్‌లో లాగి వదిలే అభ్యాసం కీబోర్డుతో నడవకపోవచ్చు. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 లాగడానికి బదులుగా వేరే దారి ఉండాలని 2.5.7 నిబంధనలో కోరుతోంది. అభ్యాసాన్ని తీసేయనక్కరలేదు. అవే మంటలను, అవే సిలిండర్లను ఎంపిక ప్రశ్నగా ఇచ్చే స్లయిడు ఒకటి పక్కన పెట్టి, రెండింటికీ ఒకే మార్కులు వచ్చేలా చూడండి. కంటిచూపు ఉండి చేతులు వణికేవారు, మురికి గ్లోవ్స్‌తో ఫోన్ పట్టుకునేవారు కూడా రెండో దారే ఎంచుకుంటారు. ప్రశ్నలకు సమయ పరిమితి ఉంటే దాన్ని పెంచుకునే వీలు కూడా ఇవ్వండి.

జవాబు: పరవాడ సేఫ్టీ

శబ్దాల గురించి నేను చెబుతాను, నా పని అదే.

చాలా ప్లాంట్లలో ఎగసి పడుతూ మోగే సైరన్ ప్రమాదానికి, ఒకే స్థాయిలో సాగే సైరన్ ఆల్ క్లియర్‌కు గుర్తు. మీరు క్యాప్షన్‌లో [సైరన్] అని మాత్రమే రాస్తే, పరుగెత్తి అసెంబ్లీ పాయింటుకు వెళ్లాలో, తిరిగి పనిలోకి రావాలో వినపడని మనిషికి తెలియదు. [సైరన్ హెచ్చుతగ్గులతో మోగుతోంది: ప్రమాదం] అని రాయాలి. దానితో పాటు ఆ ప్లాంటులో మెరిసే దీపం ఏదైనా ఉంటే స్లయిడులో అది కూడా చూపించాలి, ఎందుకంటే నిజంగా ప్రమాదం వచ్చిననాడు అతనికి దారి చూపేది దీపమే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు సైరన్ మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన సంగతి విశాఖవాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. హెచ్చరిక ఏ రూపంలో చేరుతుందన్నది మన ఊళ్లో కాగితం మీది చర్చ కాదు.

శబ్దం పాఠంలో భాగమైతే రాయండి, కేవలం హంగు అయితే వదిలేయండి. గ్యాస్ డిటెక్టర్ బీప్, రివర్స్ చేసే ఫోర్క్‌లిఫ్ట్ హారన్, వీపుకు తగిలించుకునే శ్వాస పరికరం ఎస్‌సీబీఏలో గాలి అయిపోవస్తుంటే వచ్చే ఈల, ఇవన్నీ రాయవలసినవే. వెనుక వాయించే సంగీతం గురించి ప్రతి స్లయిడులోనూ రాస్తే చదివేవారికి విసుగు.

మరొక మాట. వినికిడి సమస్య అనగానే పుట్టుకతో వినపడనివారినే తలచుకుంటాం. కంప్రెసర్ హౌసుల్లో, బాయిలర్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి వినికిడి తగ్గినవారు మన వర్క్‌షాపుల్లోనే ఉన్నారు. హోరు వల్ల వచ్చే వినికిడి లోపాన్ని 2025 నవంబరు వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే తన మూడో షెడ్యూలులోని వ్యాధుల జాబితాలో చేర్చింది. వీరిలో చాలామంది తమకు వినపడదని ఒప్పుకోరు, పక్కవాడి జవాబు చూసి నొక్కేస్తారు. అందువల్ల క్యాప్షన్లు మొదటి నుంచే ఆన్‌లో ఉండేలా పెట్టండి. కావాలంటే ఆపుకుంటారు.

జవాబు: ద్వారకానగర్ డెవలపర్

ఇంతవరకు చెప్పినవన్నీ కోర్సు తయారు చేసేవారు పడే తిప్పలు. వీటిలో సగం అసలు సాఫ్ట్‌వేర్ తయారీదారులే తీర్చవలసినవి. దీనికి వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2015 సెప్టెంబరులో ఏటీఏజీ 2.0 అని వేరే ప్రమాణమే తెచ్చింది. అందులో రెండు భాగాలు ఉన్నాయి. ఆథరింగ్ టూల్‌ను వైకల్యం ఉన్న రచయిత కూడా వాడగలగాలన్నది ఒకటి, ఆ టూల్ మామూలు రచయిత చేత అందరికీ అందే కోర్సు చేయించాలన్నది రెండోది. మొదటి భాగం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. శ్రోత గారు కోర్సు చూడాలనే మనం ఆలోచిస్తున్నాం, ఆయనే ఒక కోర్సు తయారు చేయాలనుకుంటే టైమ్‌లైన్ మీద లాగుతూ క్యాప్షన్లు సర్దే ఎడిటర్లు చాలావరకు ఆయనకు అక్కరకు రావు.

కాబట్టి మీరు టూల్ కంపెనీలకు ఫీచర్ విన్నపాలు పంపేటప్పుడు 'తెలుగు సపోర్ట్ కావాలి' అని గుండుగుత్తగా రాయకండి, దానికి వచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది. క్యాప్షన్ పెట్టె ఎత్తు ఫాంటును బట్టి పెరగాలి, వరుస పొడవును యూనికోడ్ సంకేతాలతో కాక కంటికి కనిపించే అక్షరాలతో లెక్కించాలి, పొల్లు తరువాతి కనపడని గుర్తును ఊడగొట్టకూడదు, ఒకే వీడియోకు ఒకటికన్నా ఎక్కువ భాషల క్యాప్షన్లు జోడించనివ్వాలి, క్యాప్షన్ లేని ఆడియో ఉంటే పబ్లిష్ చేసే ముందు హెచ్చరించాలి అని ఒక్కొక్కటి విడిగా, స్క్రీన్‌షాటుతో పంపండి. ఒకే వీడియోకు అనేక భాషల ట్రాకులు ఇవ్వడం హెచ్‌టీఎంఎల్5లో ఎప్పటినుంచో ఉంది. ఉచితంగా దొరికే ఆథరింగ్ టూల్ హెచ్5పీలోని ఇంటరాక్టివ్ వీడియో కూడా వీటీటీ ఫైళ్లను తీసుకుంటుంది. కావాలంటే తెలుగు, ఒడియా, హిందీ క్యాప్షన్లతో ఒక చిన్న నమూనా దానిలో చేసి క్లయింటుకు చూపించవచ్చు.

మేనేజరు గారు ఖర్చు గురించి మళ్లీ అడిగితే చట్టం సంగతి చెప్పండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఆడియో వర్ణన, సంజ్ఞా భాష అనువాదం, క్యాప్షన్లు అందేలా చూడాలని దాని 42వ సెక్షన్ చెబుతోంది. సాఫ్ట్‌వేర్, వెబ్ సేవల యాక్సెసిబిలిటీకి ఐఎస్ 17802 అని మన భారతీయ ప్రమాణమే ఉంది. డిజిటల్ సేవలు అందరికీ అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. అయితే నా అనుభవంలో చట్టంకన్నా పరవాడ వారు చెప్పిన సైరన్ ఉదాహరణే మేనేజర్ల చేత సంతకం పెట్టిస్తుంది.

రుషికొండ రూపకర్త

చాలా విషయాలు తేలిపోయాయి. ఒక్కటి మిగిలింది. క్లయింటు ప్లాంటులో పుట్టుకతో వినపడని కార్మికులు కూడా ఉన్నారు. వారికి తెలుగు చదవడం అంతంత మాత్రమని సూపర్‌వైజరు అంటున్నారు. సంజ్ఞా భాష అనువాదకులు కనిపించే చిన్న కిటికీ తెర మీద పెడితే క్యాప్షన్లకు చోటు ఎక్కడ?

జవాబు: సిరిపురం సబ్‌టైటిలర్

వారి మొదటి భాష సంజ్ఞా భాషే అయి ఉండవచ్చు, తెలుగు వారికి రెండో భాష. కాబట్టి సూపర్‌వైజరు మాటను తేలిగ్గా తీసుకోకండి, క్యాప్షన్లతో సరిపెట్టకండి. భారతీయ సంజ్ఞా భాష తెలిసిన అనువాదకుల చేత చేయించండి. మీ స్క్రిప్టులోని సాంకేతిక పదాలను వారికి ముందే పంపి, ఆ ప్లాంటులోని వినపడని కార్మికులు వాటికి ఇప్పటికే ఏ సంజ్ఞలు వాడుకుంటున్నారో అడిగించండి. కొత్తవి పుట్టించడంకన్నా అదే మేలు.

చోటు విషయానికి వస్తే, స్లయిడు కింది భాగంలో రెండు వరుసలకు సరిపడే పట్టీని స్టోరీబోర్డు దశలోనే ఖాళీగా ఉంచండి. బటన్లు, పటాల పేర్లు అందులోకి రాకూడదు. సంజ్ఞా భాష కిటికీని కుడివైపు ఆ పట్టీకి పైన పెట్టండి. చేతులు, ముఖకవళికలు రెండూ స్పష్టంగా కనిపించేంత పెద్దదిగా, వెనుక ఒకే రంగుతో ఉండాలి. ఫోన్‌లో చూసేవారికి అది ఎలాగూ చిన్నదైపోతుంది కనుక, కిటికీని నొక్కితే తెరంతా పరుచుకునేలా ఒక బటన్ పెట్టి, దానికీ కీబోర్డు ఫోకస్ ఇవ్వండి.